రెండు వైపులా బొమ్మే

మేడ మీది గది,
లేత్ మిషన్ పక్క నుంచి

అక్కయ్యా,

ఇక్కడ నేను, నా మిషన్, కింద వాటా వాళ్ల దగ్గు, అందరం బాగానే ఉన్నాం. నీ మోకాలు ఎలా ఉంది? రిటైరయ్యాక బావగారు ఇంట్లో ఉప్పూ పప్పూ కూడా తూచి వేయిస్తున్నారని రాశావు. చదివి నవ్వాను. తర్వాత జాలేసింది. నీ మీదే.

నిన్నొక సంగతి అడగాలి. గడియారాల ఫ్యాక్టరీ మూసేసినప్పుడు జీతం బదులు నాకీ చిన్న లేత్ మిషన్ అంటగట్టారని నీకు తెలుసు. మొదట్లో దీని మీద కుట్టుమిషన్ల మరలు చేసిచ్చేదాన్ని. పోయిన ఎండాకాలం ఒక మేజిక్ మాస్టారు మెట్లెక్కి వచ్చాడు. "అమ్మా, రెండు వైపులా బొమ్మే ఉండే నాణెం కావాలి. ఎగరేస్తే బొరుసన్నది పడకూడదు" అన్నాడు. చేసిచ్చాను.

చెల్లుబాటు పోయిన పాత నాణేలు రెండు తీసుకుంటాను. ఒకదాని బొరుసు వైపు, అంచు చెడకుండా లోపలంతా తొలిచి చిన్న పళ్లెంలా చేస్తాను. రెండోదాని బొరుసూ అంచూ అరగదీసి, బొమ్మ పైకి ఉండేట్టు ఆ పళ్లెంలో బిగిస్తాను. అతుకు అంచు నీడలో కలిసిపోతుంది. తూకం కూడా మామూలు నాణెమంతే. అది మాత్రం బావగారి పుణ్యం. మీ ఇంట్లో పెరిగినన్నాళ్లూ "కన్ను మోసపోతుంది, త్రాసు మోసపోదు" అని ఆయన నోట విని విని, ఏ వస్తువు చేసినా తూకం చూసుకోకుండా ఉండలేను. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా తూచినా దొరకదు, పందెం!

మా వీధి చివర పాత నాణేల దుకాణం ఉంది. అందులో ఆయన కంటికి ఎప్పుడూ భూతద్దం తగిలించుకునే ఉంటాడు, అన్నం తినేటప్పుడైనా తీస్తాడో లేదో. నేను భూతద్దం గారనే అంటాను. ఆయనకి ఒకటి చూపించి, "ఇది మేజిక్ మాస్టారికి నేను చేసిందండీ, ఆటవస్తువు" అని చెప్పాను. అటూ ఇటూ తిప్పి, "మాస్టారు ఇచ్చేదానికి నాలుగింతలిస్తాను, ఎన్నుంటే అన్ని తెండి" అన్నాడు. "ఆటవస్తువుకి అంతెందుకండీ?" అంటే "కొనేవాళ్ల ఆట వాళ్లదమ్మా" అన్నాడు. టంకశాలలో పొరపాటున ఇలా రెండు వైపులా బొమ్మ పడ్డ నాణేల కోసం జనం ప్రాణం పెడతారని నాకు తర్వాత తెలిసింది.

ఆయనకి నేను నిజమే చెప్పాను కదా? ఆయన ఇంకొకళ్లకి ఏం చెప్తాడో దానికీ నాదే పూచీనా? ఒక పూట కాదనిపిస్తుంది, ఒక పూట అవుననిపిస్తుంది. నువ్వు రోజూ దేవుడి ముందు కూర్చుంటావు. అడిగి చెప్పు. నువ్వేది చెప్తే అది.

బావగారికి మాత్రం చెప్పకు. దొంగ తూకపురాళ్లు పట్టుకున్న చేతులవి. నన్ను "గురిగింజా" అని పిలవడం మానేస్తారేమోనని భయం.

నీ చెల్లి


వంటింటి గుమ్మం

చెల్లీ,

నీ ఉత్తరం తీసుకుని ప్రార్థనలో కూర్చున్నాను. గట్టిగా జవాబేమీ వినపడలేదు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే తప్పు లేదనే తోస్తోంది. కత్తి అమ్మేవాడు ఇది కత్తి అని చెప్తే చాలు కదా. చేసుకో.

మీ బావకి కళ్లు మసకబారాయి. అక్కడి కంటి డాక్టరు మంచివాడంటున్నారు. వచ్చే వారం వస్తారు, నీ దగ్గరే దిగుతారు. కొత్త కళ్లజోడుకి డబ్బు విడిగా కవర్లో పెట్టి ఇస్తున్నాను. కవర్లో ఉన్న డబ్బు ఆయన ఇంకోదానికి తీయరు.

నీ పని సంగతి చెప్పలేదు. ఈమధ్య పాత నాణేలు పోగు చెయ్యడం పట్టుకుంది ఈయనకి. మీ వీధిలో అలాంటి దుకాణం ఉందని మాత్రం చెప్పాను. ముఖం వెలిగింది.

అక్క


మేడ మీది గది

అక్కయ్యా,

బావగారు క్షేమంగా చేరే ఉంటారు. నేనే వెళ్లి రైలెక్కించాను. కూర బాగుందన్నారు, ఉప్పు ఒక పిసరు ఎక్కువన్నారు. నా మంచం ఆయనకిచ్చి నేను చాప వేసుకున్నాను. మిషన్ మీద దుప్పటి కప్పేశాను. "ఇదేమిటే?" అంటే "కుట్టుమిషన్ మరలు చేసేది" అన్నాను. అబద్ధం కాదు, అవీ చేస్తున్నాను కదా.

కళ్లజోడు కుదరలేదట. ఫ్రేములు నచ్చలేదన్నారు.

పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన మాట ఇప్పటికీ అదేనా? ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే తప్పు లేదన్నావు. ఒకరికి చెప్తే సరిపోతుందా, లేక... ఏం లేదు, ఊరికే అడిగాను. నిద్ర సరిగ్గా పట్టట్లేదు, ఉక్కకేమో.

భూతద్దం గారు ఇంకా తెమ్మంటున్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు. మిగతా అంతా మామూలే.

చెల్లి


వరండా

చెల్లీ,

మీ బావ కులాసా. కులాసా కంటే ఎక్కువే. కళ్లజోడు డబ్బుతో పాత నాణెమొకటి కొనుక్కొచ్చారు. కోప్పడబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను. ఆఫీసువాళ్లు సన్మానం నాడు ఇచ్చిన చిన్న త్రాసు ఇన్నాళ్లూ గాజుపెట్టెలోనే ఉంది. ఇప్పుడు బయటికొచ్చింది. రోజూ పొద్దున్నే ఆ నాణెం తూస్తారు. "చూశావా, ఇసుమంత తేడా లేదు" అంటారు. నాకా ముల్లు కనపడదు. అవునంటాను.

లైబ్రరీలో నాణేలవాళ్లు నెలకొకసారి కూడతారు. ఈసారి ఈయన తనది చూపిస్తారట. మాట్లాడాల్సింది కాగితం మీద రాసుకుంటున్నారు. రిటైరయ్యాక చొక్కా ఇస్త్రీ చెయ్యమని అడగడం ఇదే మొదలు.

ఒక మాట. నువ్వు చేసే నాణేలు కింద పడితే మోగుతాయా? ఊరికే అడుగుతున్నాను.

అక్క


మేడ మీది గది,
మిషన్ ఆపి

అక్కయ్యా,

మోగడమా? అదేం ప్రశ్న! అతికింది ఏదైనా కాస్త తక్కువే మోగుతుంది. ముక్కలు రెండు కదా, ఒకదాని మోత ఇంకోటి మింగేస్తుంది. ఠంగుమనదు, టప్పుమంటుంది. మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే ఆ తేడా ఎవరికి తెలుస్తుందిలే.

ఈ వారం ఒక పని చేశాను. బొమ్మ మెడ కింద సూదిమొనంత చుక్క కొట్టాను, చేసిన నాణెమని చూసేవాళ్లకి తెలిసేట్టు. మేజిక్ మాస్టారు చూసి, "భేషుగ్గా ఉందమ్మా! నేను కనికట్టు చేస్తానని టికెట్టు మీదే అచ్చు వేస్తాను. నాకు చుక్కతో ఏం ఇబ్బంది?" అన్నాడు. భూతద్దం గారు మాత్రం తేలుని చూసినట్టు చూశాడు. "చుక్కుంటే ఎవరు కొంటారమ్మా?" అన్నాడు. "ఆటవస్తువే కదండీ" అన్నాను. మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడమే నా తలలో తిరుగుతోంది. ఆయన ముందే తిరస్కరించి ఉంటే బాగుండేది. లేదా నేనే ముందు చుక్క పెట్టి ఉంటే. ఏమిటో, ఒక దారికి రావట్లేదు నా ఆలోచన.

బావగారితో ఆ రెండు బొమ్మల నాణెం మాటిమాటికీ బయటికి తియ్యొద్దని చెప్పు. చేతి చెమటకి మెరుపు పోతుంది. గాజుపెట్టెలో ఉంచుకోమను. లైబ్రరీలో కూడా దూరం నుంచి చూపిస్తే చాలు, అందరి చేతికీ ఇవ్వొద్దను.

చెల్లి


వంటింటి గుమ్మం

చెల్లీ,

నేను పాత నాణెమని రాశాను. రెండు బొమ్మలదని రాయలేదు.

సరే. నాకు తెలుసు, నీకూ తెలుసు. ఇక దాపరికమెందుకు.

మోగుతాయా అని నీకు రాయడానికి ముందు రోజు నేను ప్రార్థనలో ఉన్నాను. పక్క గదిలో ఆయన చేతిలోంచి జారింది. నాణెం పడ్డ చప్పుడు కాదది. చొక్కా గుండీ పడ్డట్టుంది. ఆయన మంచం కింద దేవులాడుతుంటే నేనూ వెళ్లి వంగాను. నా చేతికే దొరికింది. తిప్పి చూశాను, బొమ్మ. మళ్లీ తిప్పాను, బొమ్మ. "ఇన్నాళ్లూ నీకు చూపించకుండా దాచాను, లైబ్రరీలో చూపించాక చెబుదామని! టంకశాల పొరపాటు, కోటికొకటి!" అన్నారు. నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. నాణెం ఆయన చేతిలో పెట్టేశాను. ఇప్పటికీ ఆయనకి చెప్పలేదు.

చేసుకో అని నీకు రాసింది నేను. దుకాణం ఉందని ఆయనకి చెప్పింది నేను. నీ పని ఆయన దగ్గర దాచిందీ నేనే. ప్రతిదీ మంచికే అనుకున్నాను.

చెప్తే ఆయన సంతోషం ఇంట్లో పోతుంది. చెప్పకపోతే పదిమందిలో పోతుంది. ఎటు తక్కువ నష్టమో తేల్చుకోలేకుండా ఉన్నాను. కళ్లు మూసుకుంటే ఆ చప్పుడే వినిపిస్తోంది. సభ ఆదివారం.

నీకు ఎప్పుడు తెలిసింది? దాచకుండా రాయి.

అక్క


మేడ మీది గది

అక్కయ్యా,

కొన్న రోజే తెలిసింది.

కంటి డాక్టరు దగ్గర నుంచి మధ్యాహ్నానికి రావాల్సిన మనిషి దీపాలు పెట్టే వేళకి వచ్చారు. చెప్పులు కూడా విప్పలేదు. "గురిగింజా, కళ్లు మూసుకో. చెయ్యి చాపు" అన్నారు. చిన్నప్పుడు బిళ్లలు పెట్టేవారే, అలాగ. అరచేతిలో పెట్టగానే తెలిసిపోయింది. అంచు మీద నా ఆకురాయి ఎక్కడ ఆగిందో నా వేలికి తెలుసు.

"ఏమిటో చెప్పుకో!"

"నాణెం."

"మొద్దూ! తిప్పి చూడవే!"

తిప్పాను. నా ముఖంలో ఏం కనపడిందో, "చూశావా, నోట మాట రాలేదు నీకు!" అని పొంగిపోయారు.

"దుకాణం ఆయన ఏమన్నాడు బావగారూ?" అన్నాను.

"వాడికేం తెలుసు! మామూలు వాటితో కలిపి పళ్లెంలో పడేశాడు. నేనే తీసి 'ఇది టంకశాల పొరపాటు కదుటయ్యా' అన్నాను. అలాంటివి ఎలా పడతాయో అరగంట చెప్పాను. 'తమకి తెలియనిదేముందండీ' అన్నాడు. పాపం, అమాయకుడు. ధర మాత్రం అమాయకంగా చెప్పలేదు."

నోటి దాకా వచ్చిందక్కా. అంతలో ఆయన "ఇంట్లో త్రాసుందా?" అన్నారు. దుప్పటి కింద నుంచి నా చేత్తో నేనే తీసిచ్చాను. ఒకవైపు మామూలు నాణెం వేశారు, ఒకవైపు ఇది. ముల్లు కదల్లేదు. "కన్ను మోసపోతుంది గానీ, త్రాసు మోసపోదు" అన్నారు. ఆ మాట అన్నాక ఇంకేం చెప్పను? దొంగ తూకానికి ఎందరికో జరిమానా వేసిన మనిషి. ఈ తూకం దొంగదీ కాదు, అదే నా ఖర్మ.

ఆయన్ని రైలెక్కించి తిన్నగా దుకాణానికి వెళ్లాను. "నేను ఒక్క అబద్ధం ఆడానా అమ్మా?" అన్నాడు భూతద్దం గారు. ఆలోచిస్తే ఆడలేదు. నేనూ ఆడలేదు. నువ్వూ ఆడలేదు. నాణెం కూడా అబద్ధం కాదు, రెండు బొమ్మలూ అచ్చంగా టంకశాల కొట్టినవే. అందరం నిజమే చెప్పాం, మధ్యలో మనిషి మోసపోయారు. అబద్ధం ఎక్కడుందో పట్టుకుందామంటే దొరకట్లేదు. అతుకులో ఉందేమో.

గురిగింజకి తన నలుపు తెలియదంటారు. నాకు తెలిసింది, అదే బాధ.

ఆయనకి చెప్పకు. లేదు, చెప్పు. లేదు, నేనే వచ్చి చెప్తాను, టికెట్టు దొరికితే. దొరక్కపోతే బాగుండుననీ ఉంది. అసలు చెప్పకపోతే? అక్కడ ఎవరూ కనిపెట్టలేరేమో. ఏం రాస్తున్నానో నాకే తెలియట్లేదు. నువ్వేది చేస్తే అది.

చెల్లి


వరండా,
ఆదివారం

చెల్లీ,

చెప్పాను.

"నువ్వేది చేస్తే అది" అని ఇకమీద నాకు రాయకు. ఒకసారి నేను చెప్పినట్టే విన్నావు.

పొద్దున చొక్కా చేతికిచ్చాను. గుండీలు పెట్టుకుంటున్నారు. "ఆ నాణెం చెల్లి చేసింది" అన్నాను.

"ఏ చెల్లి?"

"నాకున్నది ఒక్కతే."

సగం గుండీలతో కుర్చీలో కూర్చుండిపోయారు. నేను ఉన్నదంతా చెప్పాను. నీ మిషన్, మాస్టారు, దుకాణం, నేను చేసుకోమన్నది. మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక నాణెం గురించి ఏమీ అడగలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నారు.

"అది మంచం కింద పడ్డ రోజు."

"నీ చెల్లెలికి?"

"మీరు చూపించిన సాయంత్రమే."

"నేను వాడికి అరగంట పాఠం చెప్పాను" అన్నారు. ఇంకెవరితోనో అంటున్నట్టు అన్నారు.

తర్వాత లేచి మళ్లీ తూచారు. ముల్లు నిలబడే దాకా చూశారు. "ఇదెలా సరిపోయింది మరి?" అన్నారు. "మీ మాటలు విని పెరిగిన పిల్ల కదా" అన్నాను. అనకూడదేమో. త్రాసు గాజుపెట్టెలో పెట్టి మూత వేశారు.

"ఇవాళ వెళ్లకండి" అన్నాను.

"చొక్కా ఇస్త్రీ అయింది కదా" అన్నారు.

గడప దాటబోతూ ఆగి, జేబులోంచి నాణెం తీశారు. "బొమ్మ పడితే వాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. బొరుసు పడితే వెనక్కి వచ్చేస్తాను" అన్నారు. ఎగరేశారు. పట్టుకోలేకపోయారు. మెట్టు మీద పడింది. టప్పుమంది. వంగి తీసి, కంటికి ఆనించుకుని చూశారు.

"బొమ్మే" అన్నారు.

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. నవ్వాల్సిందేమో, తెలియలేదు.

ఆయన వెళ్లాక ప్రార్థనకి కూర్చున్నాను. ఏం అడగాలో తోచలేదు. కళ్లజోడు లేని మనిషి, రోడ్డు దాటేటప్పుడు చూసుకోమని మాత్రం అడిగాను.

ఇప్పుడే వచ్చారు. నేను అడగకముందే చెప్పారు. బల్ల మీద పెట్టి, ఇది మా మరదలి చేతిపని, నేను టంకశాల పొరపాటనుకుని కొన్నాను అని చెప్పారట. కాగితం తీయలేదట. అందరూ అద్దాలు పెట్టి వెతికారట. అతుకు ఒక్కరికీ దొరకలేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉన్నది బాధో, గర్వమో నాకు తెలియలేదు.

వాళ్లలో ఒక పెద్దాయన లేచి తన సంచిలోంచి ఇలాంటిదే ఒకటి తీసి, రాతి గట్టు మీద వేసి చూసుకున్నాడట. పోయిన నెల మీ ఊరి నుంచే తెప్పించుకున్నాడట. అదీ టప్పుమందట, తీసి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడట.

అది కూడా నీదేనా? నీదే అయ్యుంటుంది. ఆయన ఎవరో నాకు తెలియదు. ఆయన ఇంట్లో ఇవాళ ఎలా ఉందో తెలియదు. మన ఇంటిది మనం సర్దుకుంటాం. ఆ పెద్దాయనకి నువ్వేం చెయ్యగలవో నువ్వే ఆలోచించు, ఈసారి నన్నడక్కు. చేసుకో అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఒకరికి చెప్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. అప్పుడు నాకు తెలియలేదు.

నేను ఇది రాస్తుంటే మీ బావ వచ్చి పక్కన నిలబడ్డారు. "నీ చెల్లెలికేనా?" అన్నారు. అవునన్నాను. "గురిగింజకి రాయి, తూకం సరిగ్గా ఉందని" అన్నారు.

అది మెచ్చుకోలో, దెప్పో, తీర్పో తెలియలేదు. అన్నది అన్నట్టు రాశాను.

నాణెం ఎక్కడ పెట్టారో చూడలేదు. కళ్లజోడు కోసం వచ్చే నెల మళ్లీ అక్కడికి వస్తారట. "ఎక్కడ దిగుతారు?" అని అడిగాను.

"ఎక్కడేమిటి?" అన్నారు.

అదీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. నువ్వు మాత్రం మంచం దులిపి ఉంచు. మిషన్ మీద దుప్పటి కప్పకు.

అక్క